కంప్యూటర్ కష్టాలు: కెమెరా ఉంది, బొమ్మ లేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే గోల. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోవడంతో చాలామంది ఉన్న ల్యాప్‌టాప్‌నే 11కి మార్చుకున్నారు. వైఫై వస్తోంది, సౌండ్ వస్తోంది, కెమెరా మాత్రం మొండికేస్తోంది. లైనక్స్ వాళ్లూ, మ్యాక్ వాళ్లూ కూడా రాశారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, నలుగురికీ పనికొచ్చేవి తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను ఆన్‌లైన్‌లో సంగీతం పాఠాలు చెబుతాను. విండోస్ 11 వేయించాక పిల్లలకి నా గొంతు వినిపిస్తోంది కానీ మనిషిని కనిపించడం లేదు, నల్లటి డబ్బా వస్తోందట. విండోస్‌తో వచ్చిన కెమెరా యాప్ తెరిస్తే మాత్రం శుభ్రంగా కనిపిస్తున్నాను. ల్యాప్‌టాప్ నా ముఖం చూసి లాక్ తీస్తుంది, అదీ బాగానే ఉంది. మా అబ్బాయి డ్రైవర్ మార్చాలంటాడు, రిపేరు చేసే ఆయన కెమెరాయే మార్చాలంటాడు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ఇద్దరి మాటా వద్దు. కెమెరా యాప్‌లో మీరు కనిపిస్తున్నారంటే కెమెరా బాగుంది, దాని వైరు బాగుంది, దాన్ని విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, అదీ బాగుంది. పాఠాలు చెప్పే ప్రోగ్రామ్‌కి కెమెరా అందడం లేదు, అంతే. గోటితో పోయేదానికి గొడ్డలి తీయకండి.

చూడాల్సినవి రెండు. మొదటిది అనుమతి. సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లోకి వెళ్లి ‘కెమెరా’ తెరవండి. పైన ఉన్న స్విచ్ మొత్తం కంప్యూటర్‌కి, దాని కిందది యాప్‌లకి. ఆ కింద యాప్‌ల పేర్ల జాబితా ఉంటుంది. చాలామంది ఆ జాబితాలో తమ ప్రోగ్రామ్ పేరు వెతికి, స్విచ్ కనబడక అక్కడే ఆగిపోతారు. ఆ స్విచ్‌లు ముఖ్యంగా మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లవి. వెబ్‌సైట్ నుంచి దించుకున్న ప్రోగ్రామ్‌లకీ, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లకీ కలిపి జాబితా అడుగున ఒకే స్విచ్ ఉంటుంది: ‘లెట్ డెస్క్‌టాప్ యాప్స్ యాక్సెస్ యువర్ కెమెరా’. పేజీ చివరిదాకా కిందికి జరిపితేగానీ కనబడదు. అది ఆఫ్‌లో ఉంటే కెమెరా యాప్‌లో కనిపిస్తారు, పాఠంలో కనిపించరు.

కానీ మీ విషయంలో నా అనుమానం రెండోదాని మీద. ముఖం చూసి లాక్ తీసే ల్యాప్‌టాప్‌లలో మూత మీద మామూలు కెమెరాతో పాటు, కంటికి కనబడని వెలుతురుతో చూసే ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) కెమెరా కూడా ఉంటుంది. కొన్ని ప్రోగ్రామ్‌లు తమ జాబితాలో రెండింటినీ చూపిస్తాయి. అప్‌గ్రేడ్ తర్వాత పాత ఎంపిక చెరిగిపోయి, ప్రోగ్రామ్ ఇన్‌ఫ్రారెడ్‌ని పట్టుకుని కూర్చునే అవకాశం ఉంది. దాంట్లో బొమ్మ బూడిద రంగులోనో, పూర్తిగా నల్లగానో వస్తుంది. ప్రోగ్రామ్ వీడియో సెట్టింగ్స్‌లో కెమెరా పేరు పక్కన ఉన్న బాణం నొక్కి, పేరులో ‘ఐఆర్’ అని లేనిదాన్ని ఎంచుకోండి. ముందు ఇదే చేయండి, అర నిమిషం పని.

మీ పాఠం బ్రౌజర్‌లో నడిచేదైతే అడ్రస్ పక్కనున్న చిన్న గుర్తు నొక్కి, ఆ సైట్‌కి కెమెరా అనుమతి ఉందో లేదో కూడా చూడండి.

ప్రశ్న: నాకు కెమెరా యాప్‌లోనూ ఏమీ రావడం లేదు. కెమెరా దొరకలేదంటూ చివర 4244 ఉన్న కోడ్ చూపిస్తోంది. కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ దించి వేశాను, తీసి మళ్లీ వేశాను. డివైస్ మేనేజర్‌లో అసలు కెమెరాలనే వరుసే లేదు.

జవాబు: డివైస్ మేనేజర్ అంటే విండోస్‌కి కనబడిన పరికరాల జాబితా. అందులో లేనిదానికి ఎన్ని డ్రైవర్లు వేసినా ప్రయోజనం ఉండదు. 4244 అంటే విండోస్‌కి కెమెరా కనబడలేదని. అదే 4243 అని వస్తే ఇంకో ప్రోగ్రామ్ కెమెరాని వదలడం లేదని అర్థం. అది వేరే రోగం, ఆ ప్రోగ్రామ్ మూసేస్తే సరిపోతుంది.

ముందు కీబోర్డు పై వరుస చూడండి. కెమెరా మీద గీత గీసిన బొమ్మ ఉన్న కీ ఏదైనా ఉందా? ల్యాప్‌టాప్ పక్క అంచున చిన్న స్విచ్ ఉందా? లెన్స్ మీద జరిపే మూత ఉంటే, అది బొమ్మని మాత్రమే కప్పుతుంది. కానీ కొన్ని మోడళ్లలో కీ గానీ స్విచ్ గానీ నొక్కితే లోపల కెమెరాకి యూఎస్‌బీ కనెక్షనే తెగిపోతుంది. అప్పుడు విండోస్ దృష్టిలో ఆ మెషీన్‌కి కెమెరాయే లేదు. చూసేవాళ్లకి మాత్రం అచ్చం డ్రైవర్ పోయినట్టే ఉంటుంది. కొన్ని కంపెనీల సొంత కంట్రోల్ ప్రోగ్రామ్‌లలో కూడా కెమెరా ప్రైవసీ అనే మీట ఉంటుంది, అదీ చూడండి.

అదేమీ కాకపోతే రీస్టార్ట్ చేయండి. షట్ డౌన్ కాదు, రీస్టార్ట్. ఈ రెంటికీ తేడా ఉందంటే చాలామంది నమ్మరు. విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనేది ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి భాగం పూర్తిగా మూతపడదు, డిస్కులో దాచుకుని మళ్లీ అదే స్థితి నుంచి లేస్తుంది. గందరగోళంలో ఉన్న డ్రైవర్ అదే గందరగోళంతో లేస్తుంది. రీస్టార్ట్‌లో అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి.

ఆ తర్వాత డివైస్ మేనేజర్‌లో ‘వ్యూ’ మెనూలోకి వెళ్లి ‘షో హిడెన్ డివైసెస్’ నొక్కండి. ‘ఇమేజింగ్ డివైసెస్’ అనే వరుసలోనూ, కింద యూఎస్‌బీ వరుసలోనూ కూడా వెతకండి. పాలిపోయినట్టున్న బొమ్మతో కెమెరా పేరు ఉంటే, విండోస్‌కి అది ఒకప్పుడు కనబడింది, ఇప్పుడు కనబడడం లేదని అర్థం. ఆ కిటికీ తెరిచి ఉంచే ల్యాప్‌టాప్ మూతని మెల్లగా ముందుకీ వెనక్కీ కదిపి చూడండి. కెమెరా వైరు మడత బందు దగ్గర నుంచే వెళ్తుంది. మూత కదిపినప్పుడల్లా జాబితా తనంతట తాను మళ్లీ నిండుతుంటే, పేరు వచ్చి పోతుంటే, అది వైరు లోపం. అప్‌గ్రేడ్ అయిన వారంలోనే వైరు అరిగిందంటే కాకతాళీయమే, కానీ అలాంటివీ జరుగుతాయి. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే సెట్టింగ్స్‌లో, కెమెరా డిసేబుల్ అయి ఉందేమో కూడా ఒకసారి చూసేయండి.

కీ నొక్కాకో, రీస్టార్ట్ చేశాకో కెమెరా పేరు పసుపు త్రికోణంతో ప్రత్యక్షమైతే, అప్పుడు డ్రైవర్ సంగతి చూద్దాం. పేరు మీద రైట్ క్లిక్ చేసి, ‘ప్రాపర్టీస్’లో ‘డ్రైవర్’ ట్యాబ్ తెరవండి. ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కే వీలుంటే నొక్కండి. లేకపోతే ‘అప్‌డేట్ డ్రైవర్’లో ఆన్‌లైన్‌లో వెతకమనకుండా, కంప్యూటర్‌లో ఉన్నవాటి జాబితా నుంచి నేనే ఎంచుకుంటాను అనే దారిలో వెళ్లి ‘యూఎస్‌బీ వీడియో డివైస్’ అనేది ఎంచుకోండి. ఇది మైక్రోసాఫ్ట్ సొంత డ్రైవర్. యూఎస్‌బీ కెమెరాలన్నీ ఒకే భాషలో మాట్లాడాలని 2003లో యూవీసీ అనే ప్రమాణం వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్ నుంచీ ఆ భాష వచ్చిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటోంది. కంపెనీ ఇచ్చే డ్రైవర్ చాలాసార్లు దాని మీద వేసిన అలంకారమే. అప్‌గ్రేడ్‌లో చెడేది సాధారణంగా ఆ అలంకారం.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్ మీద లైనక్స్ వేశాను. కెమెరా వెంటనే పనిచేసింది, కానీ నేను తలకిందులుగా వేలాడుతున్నాను! ఇదేం విడ్డూరం?

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు భలే సరదా వేసింది, ఎందుకంటే ఇందులో తప్పు లైనక్స్‌ది కాదు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా ఆసుస్ పాత మోడళ్లలో, ఫ్యాక్టరీలోనే కెమెరాని తలకిందులుగా బిగించారు. ఆ బొమ్మని 180 డిగ్రీలు తిప్పే పని విండోస్‌కి ఇచ్చిన కంపెనీ డ్రైవర్‌కి అప్పజెప్పారు. మీకు ఆ విషయం తెలిసే అవకాశమే లేదు. ఇప్పుడు ఆ డ్రైవర్ లేదు కాబట్టి లోపల ఉన్నది ఉన్నట్టు బయటపడింది. పై జవాబులో చెప్పిన ‘యూఎస్‌బీ వీడియో డివైస్’ ఎంచుకున్నాక విండోస్‌లో తలకిందులైనా కారణం ఇదే. అక్కడ మాత్రం కంపెనీ డ్రైవర్‌నే వెతికి వేసుకోవాలి.

లైనక్స్‌లో ఈ తిక్కకి మందు ఎప్పుడో తయారైంది. లిబ్‌వీ4ఎల్ అనే లైబ్రరీలో ఇలా తిరగేసి బిగించిన ల్యాప్‌టాప్ మోడళ్ల జాబితాయే ఉంది. దాని ద్వారా బొమ్మ తీసుకునే ప్రోగ్రామ్‌లలో, మీ మోడల్ ఆ జాబితాలో ఉంటే, బొమ్మ దానంతటదే నిటారుగా వస్తుంది. నేరుగా కెమెరాతో మాట్లాడే ప్రోగ్రామ్‌లలో తలకిందులే. వాటికి సులువైన దారి ఓబీఎస్ అనే వీడియో ప్రోగ్రామ్. అందులో కెమెరాని చేర్చి, బొమ్మని 180 డిగ్రీలు తిప్పి, దాని వర్చువల్ కెమెరా (మిగతా ప్రోగ్రామ్‌లకి నిజం కెమెరాలా కనిపించేది) ఆన్ చేసి, కాల్ ప్రోగ్రామ్‌లో దాన్ని ఎంచుకోండి. జూమ్ వాడేవాళ్లకి వీడియో సెట్టింగ్స్‌లో ప్రివ్యూ మీదే తిప్పే బటన్ ఉంటుంది. కుడి ఎడమలు మారడం వేరు సంగతి. అది అద్దంలా చూపించే ఏర్పాటు, మీకే అలా కనిపిస్తుంది, అవతలివాళ్లకి సరిగానే ఉంటుంది.

ప్రశ్న: అప్‌గ్రేడ్ అయ్యాక నా వీడియో ఆగి ఆగి వస్తోంది. నెట్ స్పీడుగానే ఉంది, అవతలివాళ్లు నాకు బాగానే కనిపిస్తున్నారు.

జవాబు: కాల్ లేకుండా కెమెరా యాప్‌లో చూసినా అలాగే ఉందా? ఉంటే నెట్‌ని అనుమానించక్కర్లేదు. చిన్న లెక్క చేద్దాం. 1280 నిలువు గీతలు, 720 అడ్డ గీతలున్న బొమ్మలో ఒక్కో చుక్కకి రెండు బైట్ల చొప్పున ఒక ఫ్రేమ్ దాదాపు 18 లక్షల బైట్లు. సెకనుకి 30 ఫ్రేములంటే 55 మెగాబైట్లు. ల్యాప్‌టాప్ లోపలి కెమెరా మామూలుగా యూఎస్‌బీ 2.0 మీద నడుస్తుంది. దాని వేగం కాగితం మీదే 60 మెగాబైట్లు, నిజంగా వీడియోకి దొరికేది అందులో సగం కూడా ఉండదు. అందుకే కెమెరాలు పెద్ద బొమ్మని తామే కుదించి, ఎంజేపెగ్ రూపంలో పంపుతాయి. కుదించని రూపంలో పంపాల్సి వస్తే సెకనుకి పది ఫ్రేములకి దిగిపోతాయి. మీకు కనిపించే ఆగుడు అదే కావచ్చు.

సిస్టమ్ మారితే ఇది మారుతుందా అంటే, మారిన చరిత్ర ఉంది. 2016 ఆగస్టులో వచ్చిన విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్‌లో, ఒకే కెమెరాని ఒకటికంటే ఎక్కువ ప్రోగ్రామ్‌లు పంచుకునేలా మధ్యలో ఒక సర్వీసు పెట్టారు. ఆ సర్దుబాటులో, కుదించిన వీడియోని నేరుగా ప్రోగ్రామ్‌కి అందించే దారి మూసేశారు. ఎంతోమంది కెమెరాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయాయి. గగ్గోలు పుట్టాక మైక్రోసాఫ్ట్ దిద్దుబాటు విడుదల చేసింది.

మీరు చేయాల్సిన పరీక్ష: బొమ్మ సైజుని 640 బై 480కి తగ్గించండి. అప్పుడు సెకనుకి 18 మెగాబైట్లే, కుదించకపోయినా దారిలో పడుతుంది. ఆ సైజులో వీడియో సాఫీగా నడిస్తే లోపం ఈ ఫార్మాట్ దగ్గరే, కంపెనీ ఇచ్చిన తాజా డ్రైవర్ ప్రయత్నించండి. అప్పటికీ ఆగుతుంటే గదిలో లైటు వేసి చూడండి. వెలుతురు చాలకపోతే కెమెరా ఒక్కో ఫ్రేమ్‌కి ఎక్కువ సేపు తెరిచి ఉంచుతుంది, దాంతో వేగం పడిపోతుంది. కొత్త డ్రైవర్‌లో ఆ ఏర్పాటు ఆన్ అయి ఉండవచ్చు.

ప్రశ్న: బొమ్మ మీద అడ్డంగా నీడ చారలు పాకుతున్నాయి.

జవాబు: మీ దీపాలు కరెంటుతో పాటు మిణుకుతున్నాయి, కెమెరా దానికి సరిపడడం లేదు. డ్రైవర్ మారినప్పుడు ‘యాంటీ ఫ్లికర్’ లేదా ‘పవర్ లైన్ ఫ్రీక్వెన్సీ’ 60 హెర్ట్జ్‌కి పోయి ఉంటుంది. మీ కరెంటు 50 హెర్ట్జ్ అయితే 50 పెట్టండి.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేశాను. యూఎస్‌బీ పరికరాల్ని చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ ఇస్తే జాబితాలో కెమెరా కనబడదు. విండోస్‌లో పనిచేసేది.

జవాబు: అది యూఎస్‌బీ కెమెరా కాకపోవచ్చు. కొన్ని కొత్త పల్చటి ల్యాప్‌టాప్‌లలో ఫోన్లలో లాగా ఎంఐపీఐ తీగల మీద నడిచే సెన్సర్ పెడుతున్నారు. బొమ్మని తీర్చిదిద్దే పని ప్రాసెసర్‌లోని ఇంటెల్ ఐపీయూ6 లాంటి భాగం చేస్తుంది. దానికి యూవీసీ డ్రైవర్ పనికిరాదు. లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ కొత్తది ఉండాలి, ఇలాంటి కెమెరాలని నడిపే లిబ్‌కెమెరా ఉండాలి, మీ సెన్సర్‌కి మద్దతు ఉండాలి. కాల్స్ రేపే ఉంటే ఒక మామూలు యూఎస్‌బీ కెమెరా తగిలించుకోండి. ఈ పోరాటం తీరిక ఉన్నవాళ్ల పని.

ప్రశ్న: మ్యాక్‌ఓఎస్ అప్‌గ్రేడ్ తర్వాత ఒక ప్రోగ్రామ్ కెమెరా అనుమతి అడిగితే పొరపాటున వద్దన్నాను. మళ్లీ అడగడం లేదు.

జవాబు: అడగదు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’, అందులో ‘కెమెరా’ తెరిచి ఆ ప్రోగ్రామ్ పక్కన స్విచ్ వేయండి. తర్వాత ప్రోగ్రామ్‌ని పూర్తిగా క్విట్ చేసి తెరవండి, కిటికీ మూస్తే చాలదు. మీరు వాడేది పాత వర్చువల్ కెమెరా అయితే ఆ దారిలో దొరకదు. మ్యాక్‌ఓఎస్ సొనోమా 14.1 నుంచి పాత తరహా కెమెరా ప్లగిన్‌లని యాపిల్ ఆపేసింది, కొత్త వెర్షన్ వేసుకోవాలి.

ప్రశ్న: డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో సరిచేస్తామనే ప్రోగ్రామ్ కొనమంటారా? లేక పాత విండోస్‌కే వెళ్లిపోనా?

జవాబు: మొదటిది వద్దే వద్దు. కెమెరా డ్రైవర్ ఇవ్వాల్సింది ల్యాప్‌టాప్ కంపెనీ గానీ, విండోస్ అప్‌డేట్ గానీ. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’, ‘ఆప్షనల్ అప్‌డేట్స్’ కింద డ్రైవర్లు దాగి ఉంటాయి, ముందు అక్కడ చూడండి.

వెనక్కి వెళ్లే వీలు అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల దాకా ఉంటుంది, సెట్టింగ్స్‌లో ‘రికవరీ’ కింద ‘గో బ్యాక్’. ఈలోగా డిస్కులో చోటు కోసం పాత విండోస్ ఫైళ్లు తుడిచేస్తే ఆ బటన్ పనిచేయదు. అందుకని కెమెరా తేలేదాకా డిస్క్ శుభ్రం జోలికి వెళ్లకండి. వెళ్లినా విండోస్ 10లో ఉండిపోవడం కుదరదు. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరినా ఇంట్లో వాడుకునేవాళ్లకి గడువు 2026 అక్టోబరు 13. ఒక్క కెమెరా కోసమే అయితే నేను వెనక్కి వెళ్లను.