హైదరాబాద్ నుంచి అంతర్జాతీయ ఫుట్‌బాల్ ప్రెజెంటర్ కావడం సాధ్యమేనా?

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను, ఛాంపియన్స్ లీగ్ షో నడిపే కేట్ స్కాట్‌లా విదేశాల్లో ఫుట్‌బాల్ ప్రెజెంటర్ కావాలని ఉంది, హైదరాబాద్ నుంచి అయ్యే పనేనా అని అడిగారు. ఇక్కడి ఒక తెలుగు న్యూస్ ఛానల్ స్పోర్ట్స్ డెస్క్‌లో కొన్నేళ్లు యాంకర్‌గా పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. అవుతుంది. కానీ ఏదో ఒక ఛానల్‌నే గురిపెట్టుకుని బయల్దేరకండి.

ఎందుకంటే మ్యాచ్ ప్రసార హక్కులు కొన్నేళ్లకోసారి చేతులు మారతాయి. హక్కులు పోతే షో పోతుంది, షోతోపాటు ప్రెజెంటర్ పనీ పోతుంది. బ్రిటన్‌కి చెందిన ప్రెజెంటర్ రెబెకా లో (Rebecca Lowe) సంగతే చూడండి. బీబీసీలో మొదలుపెట్టి సెటాంటా అనే స్పోర్ట్స్ ఛానల్‌కి వెళ్లారు. 2009లో బ్రిటన్‌లో సెటాంటా మూతపడింది. ఈఎస్‌పీఎన్‌లో చేరి, 2012లో ఎఫ్ఏ కప్ ఫైనల్ ప్రసారాన్ని నడిపిన తొలి మహిళ అయ్యారు. ఆ తర్వాత ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ హక్కులు ఈఎస్‌పీఎన్ చేతి నుంచీ జారిపోయాయి. అదే సమయంలో అమెరికాలో ఎన్‌బీసీ మూడేళ్లకు 25 కోట్ల డాలర్లిచ్చి ఆ లీగ్ ప్రసార హక్కులు కొనుక్కుంది. 2013లో ఆమె అట్లాంటిక్ దాటి అక్కడ ముఖ్య ప్రెజెంటర్ అయ్యారు. ఛానళ్లు మారినా లీగ్ గురించి ఆమెకున్న పట్టు ఆమెతోనే ఉంది, అదే కొత్త దేశంలో పని ఇప్పించింది.

కేట్ స్కాట్‌ని మీరు కేట్ అబ్డోగా కూడా ఎరిగే ఉంటారు. పుట్టింది మాంచెస్టర్‌లో. ఇంగ్లిష్‌తోపాటు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ మాట్లాడతారు. ఆ జర్మన్ ఉండబట్టే జర్మనీ ప్రసార సంస్థ డాయిష్ వెల్లెలో, ఆ తర్వాత స్కై జర్మనీ వార్తల ఛానల్లో పనిచేయగలిగారు. మధ్యలో సీఎన్ఎన్, తర్వాత లండన్‌లో స్కై, అమెరికాలో ఫాక్స్, 2020 నుంచి సీబీఎస్. తియరీ ఆన్రీ, జేమీ క్యారగర్, మైకా రిచర్డ్స్ లాంటి మాజీలు ఒకరి మాటకొకరు అడ్డుపడుతుంటే షో చెయ్యిదాటకుండా చూస్తారు. మామూలు ప్రేక్షకుడికి అది సరదా కబుర్లలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఆవిడ చెవే గుర్తొస్తుంది. అతిథి మాట్లాడుతున్నంతసేపూ చెవిలో టాక్‌బ్యాక్, అంటే కంట్రోల్ రూమ్ నుంచి వచ్చే సూచనలు, మోగుతూనే ఉంటుంది: బ్రేక్‌కి ముప్ఫై సెకన్లు, క్లిప్ రెడీ కాలేదు, ఇంకో ప్రశ్న అడుగు. ఆ మాట వింటూనే అతిథి చెప్పిందాంట్లోంచి తర్వాతి ప్రశ్న పట్టుకోవాలి. అసలు పని అదే. స్పష్టమైన ఉచ్చారణ, మంచి మొహం దాని తర్వాతే.

భాష ఎంత పనిచేస్తుందో నేను ఇక్కడే చూశాను. పాతతరం ఆటగాడొకరిని ఎల్బీ స్టేడియంలో ఇంటర్వ్యూ చేశాను. ఇంగ్లిష్‌లో అడిగినంతసేపూ ఒకటి రెండు మాటలతో సరిపెట్టారు. హైదరాబాదీ హిందీలోకి మారగానే కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అదే రహీం సాబ్ గురించి ఆపకుండా చెప్పుకొచ్చారు. ఆ రహీం శిక్షణలోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది, భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో పుట్టి మనం దాన్ని పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. మీరు నేర్చుకోండి. విదేశీ స్టూడియోలో ఇంకెవరి దగ్గరా ఉండని సరుకు ఇది.

ఇక్కడి ఛానళ్లలో స్పోర్ట్స్ అంటే క్రికెట్టే, జీతాలూ అంతంతమాత్రం. ఇంట్లోవాళ్ల టెన్షన్‌లో న్యాయం ఉంది, డిగ్రీ మాత్రం మానకండి. లోకల్ లీగ్ మ్యాచ్‌లకు వెళ్లి, నిర్వాహకులను అడిగి మైక్ పట్టుకోండి. అర్ధరాత్రి దాటాక వచ్చే యూరప్ మ్యాచ్‌ల్లో ఆటతోపాటు హాఫ్ టైమ్ చర్చనూ శ్రద్ధగా చూడండి. ప్రెజెంటర్ అడిగిన ప్రతి ప్రశ్నా రాసుకోండి, ఎప్పుడు ఊరుకున్నారో కూడా గమనించండి.

విదేశీ భాషలకు తార్నాకలో ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) ఉంది, జర్మన్‌కైతే గోథే జెంట్రమ్ కూడా ఉంది. ఒక్క భాషే ఎంచుకోవాలంటే నా ఓటు స్పానిష్‌కి. స్పెయిన్, అర్జెంటీనా, ఉరుగ్వే, కొలంబియా, మెక్సికో ఆటగాళ్లను దుబాసీ లేకుండా మీరే అడగొచ్చు.