నేలబల్లి అనకూడదా?

సందేహం: మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టుకి అడవిలో నేల మీద తిరిగే ఒక బల్లి గురించి రాస్తున్నాడు. దాన్ని ‘నేలబల్లి’ అనవచ్చా? గోడెక్కనిది బల్లి ఎలా అవుతుంది, తొండ అని రాయమంటున్నారు మావారు. దాని శాస్త్రీయ నామంలో ‘జెయ్‌పోరెన్సిస్’ అని ఉంది, ఆ ఊరు జైపూరా, జయపురమా?
– ఒక పాఠకురాలు, శృంగవరపుకోట

సమాధానం: నేలబల్లి అనే రాయించండమ్మా. సంస్కృతంలో బల్లిని గృహగోధిక అన్నారు, అంటే ఇంట్లో ఉండే ఉడుము. ఇల్లున్నది ఆ పేరులో. మన ‘బల్లి’లో ఇల్లూ లేదు, గోడా లేదు.

‘నేల’ చేర్చి పేరు పెట్టడం మనకు పాత అలవాటే. అయితే అందులో ఓ మెలిక ఉంది. నేలవేముకి చేదు తప్ప వేపచెట్టుతో చుట్టరికం లేదు. నేలఉసిరి అలా కాదు, ఉసిరిచెట్టు కుటుంబమే. నేలబల్లిదీ ఉసిరి దారే: అదీ మన గోడ మీది బల్లీ ఒకే కుటుంబం, ప్రజాతులు (కుటుంబంలోని చిన్న శాఖలు) మాత్రం వేరు. తొండది అసలు కుటుంబమే వేరు. ఈ రాత్రి ట్యూబ్‌లైటు దగ్గర బల్లిని మీవారికి చూపించండి. దానికి రెప్ప పడదు, నాలుకతో కన్ను తుడుచుకుంటుంది. నేలబల్లికీ రెప్పల్లేవు. తొండకు ఉన్నాయి.

గోడెక్కకపోవడానికి కారణం కాలివేళ్లు. ఇంటి బల్లికి వేళ్ల కింద పట్టునిచ్చే మెత్తలుంటాయి, దీనికి లేవు. అందుకే 1870ల చివర్లో ప్రకృతి పరిశోధకుడు బెడ్డోమ్ దొర దీన్ని జిమ్నోడాక్టిలస్, అంటే ‘ఉత్త వేళ్లది’ అనే ప్రజాతిలో పెట్టాడు. తర్వాత గెకోయెల్లా అన్నారు. ఇప్పుడు సిర్టోడాక్టిలస్, ‘వంకర వేళ్లది’. గెకోయెల్లా అందులో ఉపప్రజాతిగా మిగిలింది. ఇంటిపేరు ఇలా మారుతూ వచ్చినా జెయ్‌పోరెన్సిస్ అన్న సొంతపేరు పోలేదు. ‘ఎన్సిస్’ అంటే ఆ ఊరిది అని.

ఆ ఊరు జయపురం, కొరాపుట్ జిల్లాలోది. జైపూర్ అని రాస్తే బల్లి రాజస్థాన్ వెళ్లిపోతుంది! 1936లో ఒడిశా ఏర్పడేదాకా జయపురం జమీందారీ విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. పరాయి ఊరేం కాదు. ఆ బల్లీ పరాయిది కాదు. నూటముప్పై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడక, మళ్లీ దొరికిన చోట్లలో మీ అరకు ఘాట్‌రోడ్డు పైనున్న గాలికొండ ఒకటి.

అన్నట్టు, ‘నేల బల్లి’ అని విడదీసి రాయనివ్వకండి. నేల మీద పడ్డ బల్లి అనుకుని ఇంట్లో ఎవరో ఒకరు పంచాంగం తీస్తారు.