ఆశా కార్యకర్తలకు 180 రోజుల ప్రసూతి సెలవన్నారు, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో ఆర్డర్ అందలేదంటున్నారు. ఏం చేయాలి?

తమ్ముడూ, శ్రీకాకుళం జిల్లాలో మీ అక్క ఆశా కార్యకర్త, ఎనిమిదో నెల, రెండో కాన్పు అన్నారు. 2025 మార్చిలో ప్రభుత్వం ఆశాలకు మొదటి రెండు కాన్పులకు 180 రోజులు జీతంతో సెలవు, గ్రాట్యుటీ, 62 ఏళ్ల దాకా పని అని చెప్పింది కదా, మరి అడిగితే "మాకు ఆర్డర్ అందలేదు" అంటున్నారేంటి అని మీ ప్రశ్న. నా జవాబు ఒకటే, నోటితో అడగడం ఆపేసి ఇవాళే కాగితం మీద పెట్టించండి. నేను ఆ పని చేయక నష్టపోయాను కాబట్టి చెబుతున్నాను.

నేను విజయనగరం జిల్లాలో ఏఎన్ఎంని, అంటే ఊళ్లు తిరిగి టీకాలు వేసే నర్సుని. 2011లో కాంట్రాక్టు మీద రెండో ఏఎన్ఎంగా చేస్తున్నాను. ఆ ఏడు పైడితల్లమ్మ సిరిమాను జాతర అయిన వారానికి ఘోషా ఆసుపత్రిలో మా పాప పుట్టింది. అంతకు ముందు ఏడాదే, 2010లో, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినుల ప్రసూతి సెలవు 120 రోజుల నుంచి 180 అయింది. మా సబ్‌సెంటర్‌లో రెగ్యులర్ సిస్టర్ గారు ఆ ఆరు నెలలూ వాడుకున్నారు, అప్పుడు ఆవిడ ఊళ్లు కూడా నేనే తిరిగాను. నా వంతు వచ్చేసరికి ఆఫీసులో గుమస్తా గారు తలెత్తకుండానే "నీకు సెలవేటమ్మా, కాంట్రాక్టోళ్లకి పని సేస్తే జీతం, నేదంటే నేదు" అన్నారు. సరేనండి అని వచ్చేశాను. దరఖాస్తు పెట్టలేదు, పెట్టొచ్చని కూడా తెలీదు.

పాపకి నలభై ఐదో రోజున డ్యూటీలో చేరాను. మొదటి బుధవారం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మార్గశిరం మంచు, కోతలైపోయిన మళ్లు, భుజానికి వ్యాక్సిన్ క్యారియర్, అందులో నాలుగు ఐస్ ప్యాకులు (పెట్టేముందు చెవి దగ్గర ఊపి లోపల నీళ్ల చప్పుడు వినాలి, రాయిలా గడ్డకట్టిన ప్యాకు పెడితే కొన్ని టీకాలు పాడైపోతాయి), నా వెనకాల పాపని దుప్పట్లో చుట్టుకుని మా అత్త. అంగన్‌వాడీలో సూది వేసిన ప్రతి పసిబిడ్డా ఏడుస్తుంటే నాకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయేది. పది రోజులకి పాపకి దగ్గు పట్టుకుంది, ఇంక తీసుకురావద్దన్నాను. అప్పట్నుంచి "ఆరు నెలలు తల్లిపాలే పట్టండమ్మా, మంచినీళ్లు కూడా వద్దు" అని తల్లులందరికీ చెప్పి ఇంటికెళ్తే మా పాప డబ్బా పాలు తాగి నిద్రపోయి ఉండేది.

మీ అక్క పని కూడా నాకు తెలుసు. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో బాలింత ఇంటికెళ్లాలి, బిడ్డని తూచాలి, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూడాలి. అంతమంది ఇళ్లకు తిరిగే మనిషి తన కాన్పుకి ఆ 42 రోజులైనా ఇంట్లో ఉండాలి కదా. కానీ 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పటి నుంచీ ఆశాని స్వచ్ఛంద కార్యకర్త అనే రాశారు. మన రాష్ట్రంలో 2019లో నెలకు 10,000 చేశారు, అదీ గౌరవ వేతనమే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ అవార్డు ఇచ్చిన రోజు నేను ఏడ్చేశాను, అయినా అప్పటికీ సెలవు అనేది పెద్దవాళ్ల దయే. అందుకే 2025 మాట చిన్నదని నేను అనుకోను.

ఇప్పుడు అసలు చిక్కు. ముఖ్యమంత్రి చెప్పినా, కేబినెట్ ఆమోదించినా, అది గవర్నర్ పేరు మీద ఉత్తర్వుగా బయటకొచ్చి కింది ఆఫీసుకి చేరేదాకా జీతం బిల్లు పెట్టే మనిషి చేతిలో ఏమీ ఉండదు. సుప్రీంకోర్టు కూడా 1962లోనే బచ్చిత్తర్ సింగ్ కేసులో, ఫైలు మీద రాసుకున్నంత మాత్రాన ప్రభుత్వ ఉత్తర్వు కాదు, సంబంధిత మనిషికి తెలియజేయాలి అంది. చట్టం మార్చాల్సినవైతే ఇంకా ఆలస్యం. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదనే 1994 నాటి నిబంధన ఎత్తేయాలని కేబినెట్ 2024 ఆగస్టులో అనుకుంటే, అసెంబ్లీలో బిల్లు పాసయ్యేసరికి నవంబరు. కాబట్టి పీహెచ్‌సీ వాళ్లు అందలేదన్నది అబద్ధమని అనను. అందకపోతే తెప్పించుకోవాల్సింది మాత్రం వాళ్లే, నిండు గర్భిణి కాదు.

అక్కతో ఒక దరఖాస్తు రాయించండి, మాతా శిశు సంరక్షణ కార్డులో కాన్పు తేదీ ఉన్న పేజీ జిరాక్స్ జత చేయండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీ, సీలు, సంతకం వేయించుకోండి. అందులో 2025 నిర్ణయం ప్రస్తావించి, సెలవు ఇవ్వలేమంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వండి అనే వాక్యం తప్పకుండా ఉండాలి. ఆ ఒక్క వాక్యానికే చాలాచోట్ల ఫైలు కదులుతుంది. ప్రభుత్వ ఉత్తర్వులు (జీవోలు) పెట్టే సైట్ 2021లో ఆపేసి 2024లో మళ్లీ తెరిచారు, అక్కడ ఆరోగ్య శాఖ ఉత్తర్వులు వెతకండి. దొరక్కపోతే జిల్లా వైద్యాధికారి ఆఫీసుకి సమాచార హక్కు కింద పది రూపాయలతో అర్జీ పెట్టండి, 30 రోజుల్లో చెప్పాలి. ఈలోగా సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి వెళ్లండి, అక్కని ఆ ఎండలో తిప్పకుండా మీరే వెళ్లండి.

ఢిల్లీ మునిసిపాలిటీలో మస్టర్ రోల్ మీద, అంటే రోజు కూలీగా, పనిచేసే ఆడవాళ్లకు కూడా ప్రసూతి సెలవు హక్కేనని సుప్రీంకోర్టు 2000 మార్చి 8న తీర్పిచ్చింది. ఆశాలకి అది నేరుగా సరిపోతుందని చెప్పను కానీ దరఖాస్తులో ఒక లైను రాయండి. నా పాప పుట్టడానికి పదకొండేళ్ల ముందే ఆ తీర్పు ఉందని నాకు తెలిసేసరికి పాప హైస్కూల్లో ఉంది.

ఇంకొకటి, సెలవులోకి వెళ్లేముందు రిజిస్టర్లు, బరువు తూచే త్రాసు, మందుల కిట్టు పక్క ఆశాకి అప్పజెప్పి సంతకం తీసుకోమనండి, లేకపోతే ఆ నెలల పని ఎవరు చేశారంటూ బిల్లు దగ్గర ఆపుతారు. దరఖాస్తు రాశాక ఇక్కడ పెట్టండి, పేరు, ఊరు తీసేసి. రాత్రి డ్యూటీ అయ్యాక చూసి ఏమైనా దిద్దాలంటే చెబుతాను.