ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డ్ ఆడే అమ్మాయిని ఇంటర్‌లో ఎక్కడ చేర్పించాలి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డ్, అంటే మైదానం మధ్య స్థానంలో ఆడుతుంది, ఈ ఏడాది జిల్లా జట్టుకు ఎంపికైంది. ఫుట్‌బాలే తన బతుకు అంటోంది. పది అవగానే హాస్టల్ ఉన్న కార్పొరేట్ కాలేజీలో ఎంపీసీలో వేద్దామని వాళ్ల నాన్నగారు అంటున్నారు. ఈ ఆటలో సంపాదన ఉంటుందా అండీ? పిల్ల పొట్టి కూడా.

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాం. మన దేశంలో ఆడవాళ్లకు పెద్ద పోటీ ఇండియన్ ఉమెన్స్ లీగ్. 2023-24 సీజన్ నుంచి అందులోని ఒక్కో క్లబ్బు కనీసం 10 మంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా ఒప్పందం ఇవ్వాలని జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య నిర్ణయించింది. పై డివిజన్‌లో క్లబ్బులు ఎనిమిదే. అంటే దేశం మొత్తమ్మీద గట్టి హామీ 80 మందికి. కాబట్టి ఆట ఒక్కటే నమ్ముకోమని చెప్పం. ఆట ద్వారా వచ్చే ఉద్యోగాన్ని కూడా లెక్కలో వేసుకోండి. 2025 జులైలో థాయ్‌లాండ్ మీద రెండు గోల్సూ కొట్టి భారత్‌ను ఆసియా కప్‌కు చేర్చిన సంగీతా బాస్ఫోర్ మిడ్‌ఫీల్డరే, ఆమెకు సశస్త్ర సీమా బల్ అనే కేంద్ర సరిహద్దు దళంలో ఉద్యోగం ఉంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా క్లబ్బు దాకా వెళ్లింది.

పొట్టి అన్న దిగులు వదిలేయండి. 2023, 2024, 2025లో ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణికి ఇచ్చే బాలన్ డి'ఓర్ అవార్డును వరుసగా గెలిచిన స్పెయిన్ క్రీడాకారిణి ఐతానా బొన్‌మాటి ఎత్తు సుమారు 162 సెంటీమీటర్లు, ఆమెదీ ఇదే స్థానం. మిడ్‌ఫీల్డర్‌కు కావలసింది బంతి కాలికి చేరకముందే చుట్టూ ఎవరున్నారో తెలిసి ఉండటం. మన పల్లె జట్లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే: తల వంచి బంతినే చూస్తారు, దగ్గరి కాలితో ఆపుతారు, వెనక్కి తిరిగేలోపు ఎదుటి పిల్ల మీద పడిపోతుంది. ఇంట్లోనే సరిదిద్దుకోవచ్చు. పది అడుగుల దూరం నుంచి ఒకరు బంతి తన్నాలి, పాప వెనక ఇంకొకరు వేళ్లు చూపించాలి. బంతి వచ్చేలోపు పాప భుజం మీదుగా చూసి ఎన్ని వేళ్లో చెప్పాలి, ఆ తర్వాత ఒళ్లు సగం తిప్పి, అవతలి కాలితో, అంటే బంతి వచ్చే వైపుకు దూరంగా ఉన్న కాలితో, బంతి అందుకోవాలి. రోజూ ఒక్కో కాలికి 50 సార్లు. ఎడమ కాలు రానిదే రాష్ట్ర స్థాయిలో నెగ్గుకు రావడం కష్టం.

పరుగు విషయంలో కాలువ గట్టు మీద నెమ్మదిగా అయిదు కిలోమీటర్లు పరుగెత్తితే చాలదు. పెద్దల మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డర్ దాదాపు 10 కిలోమీటర్లు తిరుగుతుంది, కానీ ఆగుతూ, ఉరుకుతూ. వారానికి రెండుసార్లు 15 సెకన్లు వేగంగా, 15 సెకన్లు నడక, అలా 10 సార్లు చేసి, మూడు నిమిషాలు ఆగి, మళ్లీ ఒక విడత చేయించండి. మన ఉక్కపోతలో చెమటతో ఉప్పు పోతుంది. కొబ్బరినీళ్లలో ఉప్పు తక్కువ, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మేలు.

మోకాలి గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాం. లోపలుండే ఏసీఎల్ అనే బంధం తెగే ప్రమాదం మగపిల్లల కంటే ఆడపిల్లలకు ఎక్కువ. తెగితే తొమ్మిది నెలలకు ముందు మైదానంలోకి దిగకూడదు. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలిచ్చిన చోట, కోత అయ్యాక మోళ్లున్న చేలో ఆడనివ్వకండి: బూటు అడుగున ఉండే స్టడ్ (బొడిపె) నెర్రెలో ఇరుక్కుంటే కాలు ఆగిపోతుంది, ఒళ్లు తిరుగుతుంది. ‘ఫిఫా 11 ప్లస్’ అనే వార్మప్ 20 నిమిషాలే పడుతుంది, వారానికి కనీసం రెండుసార్లు చేయించమని పీఈటీ గారిని అడగండి. హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించండి. 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే, ఎంత సాధన చేయించినా రెండో సగంలో కూలబడుతుంది. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర మాననివ్వకండి, దాని వెంటనే టీ ఇవ్వకండి. మూడు నెలలు నెలసరి రాకపోతే ఆటల వల్లేలే అని ఊరుకోవద్దు, డాక్టర్‌కు చూపించండి.

ఇక కాగితాలు. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డు మూడింట్లో పుట్టిన తేదీ ఒకటే ఉండాలి. వయసు మీద అనుమానం వస్తే మణికట్టు ఎక్స్‌రే తీసి తేలుస్తారు. జాతీయ సమాఖ్య ఆన్‌లైన్ నమోదులో పేరు ఉందో లేదో చూసుకోండి. ప్రతి సర్టిఫికెట్ మీద పోటీ పేరు, స్థాయి, ఏడాది, సంతకం ఉన్నాయో అక్కడికక్కడే చూడాలి. కేంద్ర ఉద్యోగాలకు జాతీయ స్కూల్ గేమ్స్ ఆడినవారికి ఫారం 4, విశ్వవిద్యాలయాల పోటీలు ఆడినవారికి ఫారం 3 అనే నమూనాలో సర్టిఫికెట్ అడుగుతారు. అయిదేళ్ల తర్వాత సంతకం కోసం తిరిగితే ఆ అధికారి అక్కడ ఉండరు.

అసలు తేల్చుకోవలసింది ఇంటర్. 15 నుంచి 17 ఏళ్ల మధ్యే అండర్-17 జట్లు, బడి జట్ల జాతీయ ఫుట్‌బాల్ పోటీ అయిన సుబ్రతో కప్‌లో బాలికల పోటీలు, జూనియర్ ఎంపికలు వస్తాయి. మైదానం లేకుండా రాత్రి పది దాకా స్టడీ అవర్స్ పెట్టే హాస్టల్లో వేస్తే ఆ రెండేళ్లూ పోతాయి, అవి మళ్లీ రావు. నాన్నగారికి ఎంపీసీ కావాలంటే ఎంపీసీయే చదవనివ్వండి, కానీ అమలాపురంలోనో కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో రోజూ ఇంటికో బంధువుల ఇంటికో వచ్చే కాలేజీలో. చేరే ముందు ప్రిన్సిపాల్‌ను మూడు అడగండి: సాయంత్రం నాలుగున్నరకు వదులుతారా, పోటీలకు వెళ్తే హాజరు ఇస్తారా, ప్రాక్టికల్స్ తేదీతో పోటీ తగిలితే ఏం చేస్తారు? సమాధానాలు నసిగితే ఇంకో కాలేజీ చూడండి. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే అనంతపురం స్పోర్ట్స్ విలేజ్ లాంటి చోటికి పంపాలనుకుంటే మీరిద్దరూ స్వయంగా వెళ్లి హాస్టల్, వార్డెన్, చదువు ఏర్పాట్లు చూసి రండి.

17 నిండేసరికి రాష్ట్ర జట్టులో చోటు దొరికితే డిగ్రీతో పాటు క్లబ్ ట్రయల్స్‌కు పంపండి. దొరకకపోతే డిగ్రీలో ఉండగా ఆదికవి నన్నయ యూనివర్సిటీ జట్టుకు ప్రయత్నించాలి, 18 నిండాక కోచింగ్‌లో మొదటి మెట్లలో ఒకటైన డి లైసెన్స్ చేయాలి. బీపీఈడీ (వ్యాయామ ఉపాధ్యాయ కోర్సు), ఫిజియోథెరపీ కూడా ఆ పిల్లకు నప్పే చదువులే.