అథ్లెట్లకి ట్యూటర్ జాబ్: చేరొచ్చా?

ఎమ్మెస్‌కి అమెరికా వచ్చాను, క్యాంపస్‌లో అథ్లెట్లకి స్టాటిస్టిక్స్ చెప్పే ట్యూటర్ జాబ్ వచ్చింది, డైనింగ్ హాల్ పని మానేసి చేరొచ్చా అని అడిగారు. చేరిపోండి. నేను మూడు సెమిస్టర్లు చేశాను. కాకపోతే ఇంటర్లో మనం వెళ్లిన ట్యూషన్ లాంటిది కాదది.

ముందు ఆ అథ్లెట్ల రోజు ఎలా గడుస్తుందో తెలియాలి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న మనం క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు మించి పని చేయకూడదు కదా. సీజన్‌లో వాళ్ల ఆటకి ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) పెట్టిన పరిమితి కూడా అంతే: రోజుకి 4 గంటలు, వారానికి 20. కానీ మ్యాచ్ రోజు ఎంతసేపు సాగినా 3 గంటలే రాసుకుంటారు. ఊళ్లు తిరిగే టైము, దెబ్బ తగిలితే చికిత్సకి పోయే టైము ఆ లెక్కలోకే రావు. చదువు కుంటుపడితే ఆట బంద్. డివిజన్ వన్‌లో (కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి) రెండో ఏడాది అయ్యేసరికి డిగ్రీలో 40 శాతం పూర్తవ్వాలి, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80. మనకి జీతమిచ్చి పెట్టుకునేది అందుకే.

నాకు మొదట అప్పజెప్పింది ఒక ఫుట్‌బాల్ కుర్రాణ్ని (వాళ్ల ఫుట్‌బాల్ లెండి, చేత్తో పట్టుకుని పరిగెత్తేది). గుమ్మం పట్టనంత మనిషి. మోకాలికి ఐస్ సంచి కట్టుకొచ్చాడు, అది కరిగి నా నోట్స్ మీద కారుతోంది. తెల్లారుజామునే వర్కవుట్ చేసొచ్చాడేమో, కళ్లు మూతలు పడుతున్నాయి. కండిషనల్ ప్రాబబిలిటీని (ఒకటి జరిగిందని తెలిస్తే ఇంకోటి జరిగే ఛాన్స్ ఎంత అనే లెక్క) సంచిలో ఎర్ర బంతులు, నల్ల బంతులతో మొదలుపెట్టాను. ఊహూ. చివరికి, "థర్డ్ డౌన్, ఇంకా ఎనిమిది గజాలు పోవాలి. అవతలివాళ్లు బ్లిట్జ్‌కి వచ్చే ఛాన్స్ ఎంత? అదే రెండు గజాలే మిగిలుంటే?" అన్నాను. (థర్డ్ డౌన్ అంటే పది గజాలు ముందుకి పోవడానికి దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది. బ్లిట్జ్ అంటే బంతి విసిరేవాడి మీదికి మామూలు కన్నా ఎక్కువమంది దూసుకురావడం.) నిటారుగా కూర్చుని నాకే పాఠం చెప్పడం మొదలెట్టాడు. రోజూ వీడియోల ముందు కూర్చుని చేసే లెక్కే, దానికో పేరుందని తెలియదంతే. వీళ్లకి బుర్రుండదని మన రూముల్లో వేసే జోకులు నేనూ వేశాను. పాపం, వాడికి లేనిది నిద్ర.

ఇక నేను చేసిన వెధవ పని. ఒకబ్బాయి ఎక్సెల్ అసైన్‌మెంట్‌లో ఫార్ములా తప్పు కొట్టాడు. రాత్రికల్లా అప్‌లోడ్ చేయాలి, పొద్దున్నే బస్సెక్కాలి. జాలేసి లాప్‌టాప్ నా వైపు తిప్పుకుని రెండు సెల్స్ నేనే టైప్ చేశాను. వెనక మా సూపర్‌వైజర్! లోపలికి పిలిచి గంట క్లాసు పీకింది. రెండు సెల్స్‌కి ఇంత రాద్ధాంతమా అనుకున్నాను గానీ, మిస్సోరీ యూనివర్సిటీ కేసు చదివాక నోరు మూసుకున్నాను. అక్కడ ఒక ట్యూటర్ 12 మంది అథ్లెట్ల కోర్సు పని చేసిపెట్టినట్టు తేలితే, ఎన్‌సీఏఏ 2019లో ఫుట్‌బాల్, బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ జట్లకి ఏడాదిపాటు పోస్ట్‌సీజన్ (సీజన్ చివర జరిగే పెద్ద మ్యాచ్‌లు) ఆడకుండా నిషేధం వేసింది. ఆ రోజు నుంచి చేతులు టేబుల్ కింద పెట్టుకుని చెప్పడం అలవాటు చేసుకున్నాను. పెన్ను, కీబోర్డు వాళ్లవే.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది మాత్రం ఇంకో రూలు. మా సెంటర్‌లో వాళ్లకి తిండి కొనిపెట్టకూడదు, కార్లో ఎక్కించుకోకూడదు. వానలో తడుస్తూ నడిచిపోయే పిల్లాణ్ని చూస్తూ కారు ముందుకి పోనిచ్చానంటే మా అమ్మ నమ్మలేదు.

చేరగానే ప్రతి ఒక్కరి ప్రయాణాల షెడ్యూల్ అడిగి తీసుకోండి. ఎప్పుడు ఊళ్లో ఉండరో తెలిస్తే మిడ్‌టర్మ్ ముందు వారం కంగారుండదు. ఇంటర్వ్యూలో నన్ను, "ఈ ఒక్క ప్రాబ్లం చేసిపెట్టు, రేపు గేమ్ ఉంది అంటే ఏం చేస్తావ్?" అని అడిగారు. మిమ్మల్నీ అడగొచ్చు. అలాంటిదే ఇంకో లెక్క తీసుకుని బోర్డు మీద చేసి చూపిస్తాను, అసలుది వాడే చేసుకోవాలి అని చెప్పండి.