ఇంజను తిరుగుతోంది, కరెంటు రావడం లేదు

ప్రశ్న: మాది కావలి దగ్గర సముద్రతీర గ్రామం. నిరుటి వానాకాలం నుండి మూలన ఉన్న 2 కేవీఏ పెట్రోలు జనరేటరు మొదట స్టార్టు కాలేదు. కార్బురేటరు శుభ్రం చేయించాక ఇంజను తిరుగుతోంది గాని బల్బు కూడా వెలగడం లేదు. వైండింగు కాలిపోయిందని మెకానిక్కు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఊరికే ఉన్న యంత్రంలో వైండింగు దానంతటదే కాలిపోదు, మాడిన వాసన లేకపోతే ఆ ఖర్చుకు తొందరపడకండి. ముందుగా బ్రేకరు పడిపోయి ఉందేమో చూడండి. ఇటువంటి జనరేటర్లలో చాలావాటికి రోటరు (లోపల తిరిగే భాగం) ఇనుములో మిగిలి ఉండే కొద్దిపాటి అయస్కాంతత్వమే ఆధారం. దాని వల్ల పుట్టే స్వల్ప వోల్టేజీయే పెరిగి 230 వోల్టులకు చేరుతుంది. నెలల తరబడి వాడకపోతే ఆ అయస్కాంతత్వం క్షీణించవచ్చు. కరెంటు తీసుకునే సాకెట్టు వద్ద వోల్టు మీటరు నాలుగైదు వోల్టులు చూపితే అయస్కాంతత్వం మిగిలి ఉన్నట్టే కనుక, మోడలును బట్టి బ్రష్షులను (రోటరుకు కరెంటు అందించే కార్బన్ ముక్కలను), వోల్టేజీని అదుపు చేసే ఏవీఆర్‌ను లేదా కెపాసిటరును అనుమానించాలి. మీ ఊరి ఉప్పుగాలికి బ్రష్షులు ఆనే స్లిప్ రింగులపై చిలుము పట్టడం వింత కాదు. సన్నని గరుకు కాగితంతో రుద్దితే చాలు. మీటరు దాదాపు సున్నా చూపితే, బ్రష్షులున్న యంత్రమైతే, 12 వోల్టుల బ్యాటరీతో ఫీల్డుకు (రోటరు వైండింగుకు) క్షణకాలం కరెంటు ఇచ్చి అయస్కాంతత్వాన్ని తిరిగి తెప్పిస్తారు. ఏవీఆర్ తీగలు విప్పకుండా, ధన రుణ ధ్రువాలు సరిచూడకుండా చేస్తే ఏవీఆర్ పాడవుతుంది కనుక ఆ పని తెలిసినవారికే వదలండి. ఇంజను ఆపినా కెపాసిటరులో చార్జి నిలిచి ఉంటుంది, తాకవద్దు. పరీక్షలన్నీ ఆరుబయటే జరపండి. వరండాలో కూడా ఇంజను పొగ ప్రాణాంతకమే.