సంక్రాంతి సెలవులకు ముందు మేనకోడలికి

చి. బుజ్జికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి, సంక్రాంతి సెలవులకు ముందు నువ్వు ఊరివాళ్లందరినీ బడికి పిలిచి, దసరా తరువాత ఈ మూడు నెలల్లో బడిలో జరిగినదంతా వాళ్ల ముందు పెట్టబోతున్నావని చెప్పాడు. ఏ పిల్లకు ఎన్ని మార్కులు వచ్చాయో, ఏ పిల్లవాడు ఎన్ని రోజులు మానాడో పేరుపేరునా చార్టుల మీద రాస్తున్నావట. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరమే ఇంత పని తలకెత్తుకున్నావని మీ నాన్న పొంగిపోతున్నాడు. నాకూ సంతోషమే. అయితే ఆ చార్టుల మాట విన్న తరువాత మాత్రం నాకు నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే కళ్లద్దాలు వెతుక్కుని కూర్చున్నాను.

ముందుగా చిన్న సంగతులు. సమావేశం సంగతి మీ ప్రధానోపాధ్యాయురాలికి చెప్పి, ఆమె చేతనే అందరినీ పిలిపించు. సంత రోజున పెట్టవద్దు. పగలు పది గంటలకు పెడితే కూలివాళ్లకు ఒక రోజు కూలి పోతుంది కనుక సాయంత్రం పెట్టుకో. వంట చేసే అమ్మను, ఆయాను గోడ వారన నిలబెట్టకుండా కుర్చీల్లో కూర్చోబెట్టు.

ఈ మూడు నెలలూ నీకు ఊపిరి సలపలేదని నాకు తెలుసు. బాలల దినోత్సవం, పరీక్షలు, జవాబు పత్రాలు దిద్దడం, మార్కులు ఎక్కించడం, పొద్దున లేస్తే యాప్‌లో హాజరు, మధ్యాహ్నం భోజనాల లెక్క, తోటి టీచరు శిక్షణకు వెళ్తే ఐదు తరగతులూ నీ ఒక్కదాని మీదే. ఇదంతా ఊరికి చెప్పుకోవాలని నీకు అనిపించడంలో తప్పు లేదు. కాని అది మీ అధికారులకు పంపే నివేదికకు సరిపోతుంది. ఇంట్లో కన్నడం మాట్లాడే మూడో తరగతి పిల్లవాడొకడు బస్సు బోర్డు మీద తెలుగులో రాసిన ఊరి పేరును కూడబలుక్కుని చదివాడని నువ్వు దీపావళికి చెప్పావే, ఆ సంగతి చెప్పు. వాడి తల్లి అందరిలో తలెత్తుకుని కూర్చుంటుంది.

ఇక నేను చేసిన తప్పు. ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

ఇప్పటిలాగా బడిలో వండి పెట్టే భోజనం మన రాష్ట్రంలో 2003 జనవరిలో గాని మొదలుకాలేదు. అంతకుముందు 1995లో వచ్చిన కేంద్ర పథకం కింద, నెలలో 80 శాతం హాజరున్న పిల్లలకు 3 కిలోల చొప్పున బియ్యం ఇంటికి ఇచ్చేవాళ్లం. నేను అప్పుడు ఆదోని వైపు ఒక పల్లెలో పనిచేస్తున్నాను. 1999 సంక్రాంతికి ముందు, అచ్చం నీలాగే, తల్లిదండ్రులను వేపచెట్టు కిందకు పిలిచాను. డిసెంబరు హాజరుపట్టీ చేతిలో పట్టుకుని, బియ్యం రాని పిల్లల పేర్లు గట్టిగా చదివాను. నలుగురిలో చదివితే సిగ్గుపడి పిల్లలను సరిగా పంపుతారని నా తెలివి. నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఆ నెల పనిదినాలు 24, ఆమె వచ్చినవి 19. ఇంకొక్క రోజు వచ్చి ఉంటే బియ్యం అందేవి. ఆ మాట కూడా అందరూ వినేలా అన్నాను. వెనుక కూర్చున్న ఆమె తండ్రి లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

పండుగ వెళ్లిన వారానికి, కూలికి వలస పోయేవాళ్లను ఎక్కించుకునే సుగ్గి లారీ వచ్చింది. గుంటూరు వైపు మిరపకాయల కోతకు ఏటా పోయే కుటుంబమే వాళ్లది. అంతకుముందు సంవత్సరం పిల్లను అవ్వ దగ్గర వదిలి వెళ్లారు. ఈసారి వెంట తీసుకుపోయారు.

ఏప్రిల్‌లో ఆ సంవత్సరపు లెక్కలు తీస్తూ, గడి తప్పకుండా ఉండాలని స్కేలును హాజరుపట్టీ మీద నిలువుగా పెట్టాను. అప్పుడు కనబడింది. డిసెంబరులో 3, 10, 17, 24, 31 తేదీల గళ్లలో ఆ పిల్లకే కాదు, మరో నలుగురు ఆడపిల్లలకు కూడా గైర్హాజరు గుర్తులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అయిదూ గురువారాలే. ఆమె పక్కన కూర్చునే పిల్లను అడిగితే, “గురువారం సంత కదా టీచరమ్మా, వాళ్లమ్మ కూరగాయలు అమ్మను పోతాది, అది తమ్మున్ని ఎత్తుకుంటాది” అంది. మూడేళ్లుగా ఆ ఊళ్లో పనిచేస్తూ, గురువారం గురువారం ఆ సంతలోనే కూరలు కొనుక్కుంటూ ఉన్న నాకు ఆ సంగతి తట్టలేదు. ప్రతి నెలా ఒక్కొక్క పిల్ల వరుసను అడ్డంగా కూడి, చివర అంకె వేసి, పట్టీ మూసేశాను.

జూన్‌లో వాళ్లు తిరిగి వచ్చారు. నేను ఇంటికి వెళ్లాను. ఆ తండ్రి నులకమంచం వాల్చి కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, “మా పిల్లకు చదువు అచ్చిరాదని మీరే చెప్పినారు కదమ్మా” అన్నాడు. నేను చెప్పింది హాజరు సంగతి. ఆయనకు వినబడింది అది. మరో రెండుసార్లు వెళ్లాను. ఆ పిల్ల బడికి రాలేదు.

పిల్లలను కొట్టడమే కాదు, మనసు నొప్పించడం కూడా కూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ 2010 నుంచి చెబుతూనే ఉంది. నా తప్పు అంతకు పదకొండేళ్ల ముందుది కనుక నన్ను ఎవరూ అడగలేదు. నిన్ను అడుగుతారు. ఎవరూ అడగకపోయినా నేను అడుగుతాను. ఆ పేర్ల చార్టు చించెయ్యి. చదువుకున్నదానివి, ఒక పిల్ల గైర్హాజరును ఊరందరి ముందు గోడకు అంటించాలని నీకు ఎలా తోచిందే?

కోప్పడ్డానని ముఖం ముడుచుకోకు. నేనూ నీ వయసులో అలాగే రంగు పెన్సిళ్లతో గీతలు కొట్టి మురిసిపోయేదాన్ని.

నీ బడి ఉన్నది కూడా సుగ్గి పోయే ఊళ్లలోనే కనుక, సమావేశంలో నువ్వు తెలుసుకోవలసినది ఒకటి ఉంది. పండుగ తరువాత ఏ ఏ ఇళ్లవాళ్లు వెళ్తున్నారు, పిల్లలను ఎవరి దగ్గర వదులుతారు అన్నది. నలుగురిలో అడిగితే చెప్పరు. బడి యాజమాన్య కమిటీ సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లే ఉండాలని చట్టంలో ఉంది కదా. సమావేశం అయ్యాక ఆ తల్లులతో అరుగు మీద కూర్చుని అడుగు, ఇంటింటి లెక్కా చెప్తారు. ఆ లెక్క పట్టుకుని, వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిపే సీజనల్ హాస్టల్ మీ ఊళ్లోనో, దగ్గరలోనో పెట్టించమని మండల విద్యాధికారిని పండుగలోపే అడగండి. లారీ కదిలిన తరువాత అడిగితే ఎవరికీ పనికిరాదు.

ఇంకొక మాట. సాయంత్రం సమావేశం అంటే చీకటి పడుతుంది. ఆ రాత్రి ఒంటరిగా ఆటోలో ఆదోనికి తిరిగి రావద్దు. ఆయా ఇంట్లోనో, మీ ప్రధానోపాధ్యాయురాలి ఇంట్లోనో పడుకో. నాకు ఫోను చేసి చెప్పు, ఎంత రాత్రయినా ఫరవాలేదు.

హాజరుపట్టీ బడి దాటి రాకూడదు కనుక, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉన్న పేజీలను తేదీలతో సహా తెల్లకాగితాల మీద ఎక్కించుకుని భోగికి తీసుకురా. నువ్వులద్దిన సజ్జ రొట్టెలు చేసి ఉంచుతాను. స్కేలు నా దగ్గర ఉంది.

ఆశీస్సులతో,
మీ మేనత్త